నా కొబ్బరి వీడియోలు 4కేలో ఎందుకు పెట్టను



ఈ మధ్య ఫోన్ చేసేవాళ్లలో చాలామందిది ఒకటే మాట. "వీడియో బాగుందండీ, కానీ క్లారిటీ లేదు. 4కేలో పెట్టొచ్చు కదా" అని. కొంతమందైతే ఏ కెమెరా కొనాలో, ఎక్కడ తక్కువకి దొరుకుతుందో కూడా చెబుతున్నారు. వాళ్ల అభిమానానికి సంతోషమే. కానీ నేను 4కేలో పెట్టను. బద్ధకం వల్ల కాదు. 4కే పెట్టినంత మాత్రాన మీ చేతిలో ఉన్న ఫోన్లో, మీ కంటికి, ఒక్క పురుగు కూడా అదనంగా కనబడదు. ఎందుకో లెక్కతో సహా చెప్తాను. అంతకన్నా ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ లెక్కలన్నీ నేను వేసుకుంది ఆ తప్పు తర్వాతే.

మాది దిండి. వశిష్ఠ గోదావరి గట్టుకి దగ్గర్లోనే తోట. చించినాడ వంతెన దాటితే పశ్చిమ గోదావరి. మా వైపు కొబ్బరికి సర్పలాకార తెల్లదోమ ఎంత బాధ పెట్టిందో కోనసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మన దేశంలో అది మొదట కనబడింది 2016లో, తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో. తర్వాత మన గోదావరి జిల్లాలకీ వచ్చేసింది. మట్ట అడుగున తెల్లటి మైనంతో సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది. రసం పీల్చి తేనెలాంటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లగా మసి పెరుగుతుంది. కొబ్బరి ఆకే కాదు, కింద వేసిన అరటి, కోకో కూడా పొగ పట్టిన వంటింటి గోడలా తయారవుతాయి.

ఇక్కడొక తిరకాసు ఉంది. ఈ తెల్లదోమ తోటలో నలుపు రెండు రకాలు. ఒకటి ఇప్పుడు చెప్పిన మసి, ఆకు పైన ఉంటుంది. రెండోది ఆకు అడుగున, తెల్లదోమ పిల్లపురుగుల్లోనే కనబడుతుంది. ఎన్‌కార్సియా అని చిన్న పరాన్నజీవి ఉంది, మిల్లీమీటరు కూడా ఉండదు. అది తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపల పెరిగేకొద్దీ తెల్లదోమ పిల్ల నల్లబడిపోతుంది. చివరికి గుండ్రంగా కన్నం చేసుకుని మన నేస్తం బయటికొస్తుంది. మామూలుగా తెల్లదోమే బయటికొస్తే ఆ పొట్టు మీద ఇంగ్లీషు టీ అక్షరంలా చీలిక ఉంటుంది. అంటే గుండ్రటి కన్నం కనబడితే మీ తోటలో వైద్యం దానంతటదే జరుగుతున్నట్టు లెక్క. అప్పుడు మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. మందు కొట్టకపోవడమే వైద్యం.

రెండేళ్ల కిందట ఇదంతా వివరంగా వీడియో చేశాను. మట్ట కొస వంచి పట్టుకుని, నిలబడి, ఒక మనిషి దూరం నుంచి తీయించాను. వెనకాల తోట, గోదావరి గాలి, చూడ్డానికి చాలా బాగా వచ్చింది. "ఆకు పైన నలుపు ఉంటే గంజి కొట్టండి, ఎండి పెచ్చులుగా ఊడిపోతుంది. అడుగున నల్ల చుక్కలుంటే మాత్రం ముట్టుకోకండి" అని చెప్పాను. వేలు పెట్టి చూపించాను కూడా.

మా వీధిలోనే వరసకి మావయ్య అవుతారు ఒకాయన. డెబ్బైకి దగ్గర. పాతిక దాకా గంగాబొండాం చెట్లున్నాయి, పొట్టివి, నిలబడే మట్టకి మందు కొట్టుకోవచ్చు. నా వీడియో చూసి, గంజి కాచి, సరిపోదేమోనని సబ్బు నీళ్లు కూడా కలిపి, మట్టల అడుగుభాగం అంతా పంపుతో కడిగేశారు. రెండు రోజులు కష్టపడ్డారు పాపం. నెల తిరిగేసరికి చుట్టుపక్కల తోటల్లో తెల్లదోమ తగ్గుముఖం పట్టింది, ఆయన చెట్ల మీద మళ్లీ తెల్లగా పేరుకుపోయింది. కడిగేసింది తెల్లదోమనే కాదు, దాన్ని తినేదాన్ని కూడా.

"నువ్వే కదరా అబ్బాయ్, నలుపు కనబడితే కడిగెయ్యమన్నావు."

"పైన ఉన్న నలుపు మావయ్యా. అడుగున ఉన్నది కాదు. తేడా చూపించాను కదా వీడియోలో."

"ఏదీ, ఆ తేడా ఏదో ఇందులో చూపించు."

ఆయన ఫోన్ తీసుకుని సరిగ్గా ఆ నిమిషం దగ్గర ఆపాను. ఒక పచ్చటి మరక, దాని మీద నా వేలు, వేలి కింద బూడిదరంగు బురద. కన్నాలు లేవు, చుక్కలు లేవు, పైన నలుపో కింద నలుపో తెలిసే దారి లేదు. నేను తీసిన వీడియోలో నాకే కనబడలేదండి. క్వాలిటీ పెంచుదామని 1080కి మార్చాను. ఆయన ఆ రోజు డేటా కాస్తా అయిపోయింది గానీ బురద బురదలాగే ఉంది. తెలిసినవాడిని కాబట్టి నేను తీసేటప్పుడు నా మనసు చూసింది, కెమెరా చూడలేదు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. కంటి డాక్టరు దగ్గర గోడకి అక్షరాల పట్టిక ఉంటుంది చూశారా, అది 1862లో స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు తయారుచేసిన పద్ధతి. 6/6 చూపు అంటారే, దాని అర్థం ఇది: ఒక డిగ్రీ కోణంలో అరవయ్యో వంతు తేడాని ఆ కన్ను విడదీసి చూడగలదు. కొంతమంది కుర్రాళ్ల కళ్లు దీనికన్నా కాస్త పదునుగా ఉంటాయి, పెద్దవాళ్లవి మొద్దుగా ఉంటాయి. ఆ అరవయ్యో వంతు అంటే, ఫోన్ని ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే తెర మీద 0.09 మిల్లీమీటరు. అంతకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కంటికి ఒకటే చుక్క.

ఇప్పుడు మన ఫోన్ చూద్దాం. ఆరున్నర అంగుళాల ఫోన్ అంటే తెర వెడల్పు 68 మిల్లీమీటర్లు. ఫోన్ అడ్డంగా తిప్పి చూస్తే వీడియో బొమ్మ ఎత్తు అదే, 68. దాన్ని 0.09తో భాగిస్తే 750 పైచిలుకు గీతలు. అంటే మంచి కన్ను, దగ్గర నుంచి, ఫోన్ అడ్డంగా పెట్టి చూసినా 720 వీడియోకే దాదాపు సరిపోయింది. 1080 పెడితే ఏదో కాస్త. 4కే అంటే 2160 గీతలు. మిగతా పద్నాలుగు వందల గీతలు ఎవరికి?

మనలో ఎక్కువమంది ఫోన్ అడ్డంగా తిప్పరు. నిలువుగానే పట్టుకుని చూస్తారు. అప్పుడు బొమ్మ ఎత్తు 38 మిల్లీమీటర్లకి పడిపోతుంది. ఇంకో సంగతి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి తెర వెడల్పులో ఉండే చుక్కలే 720. నిలువుగా పట్టుకుంటే వీడియోకి దొరికేది 405 గీతలు మాత్రమే. మీరు 4కే పంపించినా, 8కే పంపించినా ఆ తెర మీద పడేది 405. ఇక మా మావయ్యలా చెయ్యి బారుగా చాచి, 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టి చూసేవాళ్లకి కన్ను పట్టగలిగేది దాదాపు 220 గీతలు. ఆయనకి 240 వీడియో చాలు! దీనికోసం రోజుకి జీబీన్నర ప్యాక్ తగలేసుకోవడం దేనికి? నా ఫోన్లో చూసుకుంటే గంట వీడియోకి 480లో అర జీబీ ఖర్చవుతుంది, 1080లో జీబీన్నర దాటిపోతుంది.

మరి కన్నం కనబడాలంటే ఏం చెయ్యాలి? ఇక్కడే నేను చేసిన పొరపాటు ఉంది. నా పాత వీడియోలో బొమ్మ నిండా పట్టింది మీటరు వెడల్పు తోట. అది ఫోన్ తెర మీద 12 సెంటీమీటర్లు అయిపోయింది. రెండున్నర మిల్లీమీటర్ల తెల్లదోమ 0.3 మిల్లీమీటరుకి కుంచించుకుపోయింది. పొట్టు మీది కన్నం పావు మిల్లీమీటరు అనుకుందాం, అది 0.03 అయింది. కంటి హద్దు 0.09. ఎన్ని కే లు పెట్టినా ఆ కన్నం కనబడదు. అదే కెమెరాతో, అదే ఫోన్తో, ఐదు సెంటీమీటర్ల ఆకు ముక్క మాత్రమే బొమ్మ నిండా పట్టేలా తీస్తే? తెల్లదోమ 6 మిల్లీమీటర్లు అవుతుంది. కన్నం 0.6. చత్వారం కళ్లకి కూడా ఆనుతుంది.

అంత దగ్గరికి వెళ్లాలంటే ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మామూలు ఫోన్ కెమెరా పది సెంటీమీటర్ల కన్నా దగ్గరికి తీసుకెళ్తే మసకేస్తుంది, నిజమే. అందుకని బంగారం పనివాళ్లు వాడే భూతద్దం ఒకటి కొనుక్కుని కెమెరా కన్ను మీద ఆనించి పెడుతున్నాను. బొమ్మ అంచుల్లో కాస్త వంకరగా వస్తుంది. రానివ్వండి. మధ్యలో కన్నం కనబడితే నాకు చాలు. ఫోన్లో మాక్రో అని విడిగా ఇచ్చే చిన్న కెమెరా కన్నా, అసలు కెమెరాకి ఈ భూతద్దమే నాకు బాగా పనిచేసింది.

కొబ్బరి తోటలో వీడియోకి ఇంకో శత్రువు ఉంది. గాలి. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంటర్నెట్‌లో వీడియో పంపేటప్పుడు ప్రతి బొమ్మనీ పూర్తిగా పంపరు. ముందు బొమ్మకీ తర్వాత బొమ్మకీ ఏం మారిందో అదే పంపుతారు. ఒకాయన కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే మారేది మూతి ఒక్కటే, కాబట్టి 360లో కూడా గీసినట్టు కనబడుతుంది. మా దిండి తోటలో సాయంత్రం వశిష్ఠ మీంచి గాలి వస్తే మట్టకి ఉన్న వందల ఈనెలూ ఒకేసారి ఊగుతాయి. మారనిది ఏదీ లేదు. పంపడానికి చోటు చాలక మొత్తం గళ్లు గళ్లుగా, బురదగా మార్చి పంపుతుంది. దానికి తోడు చెట్టు నీడలో వెలుతురు తక్కువ, కెమెరా రవ్వ రవ్వగా తీస్తుంది, ఆ రవ్వ కూడా మార్పు కిందే లెక్క. అందంగా ఉందనుకున్న నా వెనకటి దృశ్యమే ముందున్న ఆకుని మింగేసింది.

రంగు సంగతి కూడా చెప్పాలి. వెలుగునీడల్ని ఉన్నవి ఉన్నట్టు పంపినా, మనం చూసే వీడియోల్లో రంగు సమాచారాన్ని అడ్డంగా సగానికీ, నిలువుగా సగానికీ తగ్గించి పంపుతారు. అంటే నాలుగో వంతు. మన కన్ను రంగు విషయంలో అంత పదును కాదు కాబట్టి సినిమాకి ఏమీ తెలీదు. కానీ మనం చూసేది ఆకు. పచ్చటి ఆకు మీద లేత పసుపు మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఈనె వెంబడే ఉందో ఈనెల మధ్య ఉందో తెలియాలి. ఆ అంచు అలికేసినట్టు అయిపోతుంది. పైగా మిట్టమధ్యాహ్నం తోటలో నిలబడి ఫోన్ చూస్తే తెర వెలిసిపోయి ఆ కాస్త తేడా కూడా పోతుంది. వీడియో చూసి ఇది పొటాష్ లోపమా, బోరాన్ లోపమా అని ఎవరైనా ఖాయంగా చెప్పేస్తుంటే నాకు భయమేస్తుంది. నన్ను అడిగితే నేను చెప్పను. దగ్గర నుంచి తీసిన ఫోటో పంపమంటాను. ఫోన్ ఫోటో మామూలుగా కోటీ ఇరవై లక్షల చుక్కలు, 1080 వీడియోలో ఒక బొమ్మ ఇరవై లక్షల చుక్కలు. ఆరింట ఒకటి. అదీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అప్పటికీ అనుమానంగా ఉంటే ఆకు పట్టుకుని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లమంటాను. మనకి దగ్గరే కదా, బస్సు ఛార్జీతో పోతుంది. కొబ్బరి నల్లి లాంటిదైతే మామూలు కంటికే ఆనదు, దాన్ని వీడియోలో వెతకడమే దండగ. అది కాయ మీద చేసిన గోధుమరంగు పగుళ్లే మనకి గుర్తు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీనికి కొంతమందికి కోపం రావచ్చు. క్లారిటీ లేదని ఫోన్ చేసేవాళ్లని ఈ మధ్య నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతున్నాను. "మీకు ఎన్నేళ్లండీ? కళ్లజోడు ఉందా?" నలభై దాటినవాళ్లలో చాలామంది జవాబు ఒకటే. "ఆయ్, నాకు దూరం బాగానే కనబడుతుందండి. తాటిచెట్టు మీద గెలలు లెక్కపెట్టేస్తాను." దూరం కనబడటం వేరు, దగ్గర కనబడటం వేరు. చత్వారం అనే మాటలోనే నలభై ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఇది రోగం కూడా కాదు, తల నెరిసినట్టే. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థవాళ్లు 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. హైదరాబాదుతో పాటు వాళ్లు తీసుకున్న పల్లెటూళ్ల జిల్లాల్లో మా అవతలి గట్టు పశ్చిమ గోదావరి కూడా ఉంది. ఆ పల్లెల్లో ముప్పై దాటినవాళ్లలో సగం మందికి పైగా దగ్గరి చూపు తగ్గిందని తేలింది. ముప్పై దాటినవాళ్లలోనండి, అరవై దాటినవాళ్లలో కాదు.

అస్సాం తేయాకు తోటల్లో జరిగిన పరీక్ష ఒకటి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. నలభై దాటిన ఆకు కోసే కూలీలకి దగ్గరి చూపు కళ్లజోళ్లు ఇచ్చి చూశారు. కోసిన ఆకు ఇరవై శాతానికి పైగా పెరిగింది. ఎరువు మార్చలేదు, రకం మార్చలేదు. కళ్లజోడు పెట్టారు. ఆకు అడుగున ఏముందో చూసి నిర్ణయం తీసుకునేది మన పద్ధతి. రసాయన వ్యవసాయంలో అయితే తారీఖు చూసి మందు కొట్టేస్తారు, పురుగు కనబడకపోయినా నడిచిపోతుంది. మనకి నడవదు. మిత్రపురుగు ఏదో శత్రుపురుగు ఏదో మన కన్నే తేల్చాలి. అలాంటిది మనలో పెద్దవాళ్లు ఫోన్‌కి పదివేలు పెడతారు, కళ్లజోడుకి రెండొందలు పెట్టడానికి మాత్రం నామోషీ.

కళ్లజోడు సంతలో సొంతంగా ఏరుకోకుండా ఒకసారి డాక్టరుకి చూపించుకుని తీసుకుంటే మంచిది. చత్వారం అనుకున్నది శుక్లం కావచ్చు, షుగరు వల్ల రెటీనా దెబ్బతిని ఉండొచ్చు. అవి అద్దాలతో పోవు.

తప్పంతా చూసేవాళ్లదే అని నా ఉద్దేశం కాదు. వీడియోలు చేసే మాలాంటివాళ్లది ఇంకా ఎక్కువ. తెర మీద అక్షరాలు వేస్తాం చూడండి, మోతాదులు, అవి పెద్ద పాపం. కంప్యూటర్లో వేసుకునేటప్పుడు ఇంత లావున కనబడతాయి. నిలువుగా పట్టుకున్న ఫోన్లో బొమ్మే 38 మిల్లీమీటర్లు, అందులో అక్షరం ఒక మిల్లీమీటరు. మన తెలుగుకి మళ్లీ కింద ఒత్తులు, పైన గుణింతాలు. చెయ్యి చాచి చూసేవాడికి సుఖంగా అందాలంటే అక్షరం రెండున్నర మిల్లీమీటర్లైనా ఉండాలి. అంటే బొమ్మ ఎత్తులో పదిహేనో వంతు, ఒక తెర మీద నాలుగైదు వరుసలు దాటకూడదు. చుక్కలతో అంకెలు అసలు వెయ్యకూడదు. వేపనూనె 0.5 శాతం అని వేశాననుకోండి, గళ్లు పడిన వీడియోలో ఆ చుక్క ఎగిరిపోతే 5 శాతం అవుతుంది. లీటరుకి 5 మి.లీ. కొట్టాల్సినవాడు 50 కొడతాడు, ఆకు మాడిపోతుంది. అందుకే ఇప్పుడు "లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు" అని వేస్తున్నాను. నోటితో కూడా రెండుసార్లు చెబుతున్నాను. నోటిమాటకి రిజల్యూషన్‌తో పనిలేదు.

4కే ఎక్కడా పనికిరాదని అనను. ఆపి, రెండు వేళ్లతో తెర సాగదీసి చూసే అలవాటున్నవాళ్లకి ఎక్కువ గీతలు ఉపయోగమే. పెద్ద టీవీకి కలిపి దగ్గరగా కూర్చుని చూసినా తేడా తెలుస్తుంది. కానీ 1080లో తీస్తే ఆ అవసరం కూడా చాలావరకు తీరిపోతుంది. వెనకటి రోజుల్లో ఈటీవీలో అన్నదాత కార్యక్రమం చూసి ఎన్ని నేర్చుకోలేదు మనం? ఆ టీవీలో ఉన్నవి 576 గీతలే. పది అడుగుల దూరంలో కూర్చుని చూసే కంటికి అవే ఎక్కువ.

డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2008 నుంచి పల్లెల్లో చేస్తున్న పని చూస్తే కూడా ఇదే అనిపిస్తుంది. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం వాళ్లతోనూ కలిసి చేశారు. చేతిలో పట్టే చిన్న ప్రొజెక్టరుతో గోడ మీద వీడియో వేస్తారు. బొమ్మ నాణ్యత గొప్పగా ఏమీ ఉండదు. కానీ పదిమంది కలిసి చూస్తారు. మధ్యలో ఆపి అడుగుతారు, ఆ ఊరి రైతే లేచి సమాధానం చెబుతాడు. మా మావయ్య ఒంటరిగా కూర్చుని నా వీడియో చూడకుండా నలుగురి మధ్య చూసి ఉంటే, "ఏ నలుపు?" అని ఒక్కరైనా అడిగేవారు.

ఆ వీడియో తీసేశాను. కొత్తది ఇక్కడే పెట్టాను. తోట కనబడదు, గోదావరి కనబడదు. ఈనెకున్న ఆకుని కోసి, మా ఇంటి అరుగు మీద తెల్ల గుడ్డ పరిచి, దాని మీద పెట్టి, నీడపట్టున భూతద్దంతో తీశాను. అరుగు మీద గాలి ఉండదు. చూడ్డానికి బాలేదని మా ఆవిడ అంది, నిజంగానే బాలేదు. మావయ్యకి చూపించాను. రాజోలులో చేయించుకున్న కొత్త కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ అడ్డంగా తిప్పి, చాలాసేపు చూశారు. "ఇవిట్రా కన్నాలు, పూసల్లా ఉన్నాయి" అన్నారు. మర్నాడు పొద్దున్నే వాళ్ల తోటలోంచి నాలుగు ఆకులు కోసుకొచ్చారు. మూడింట్లో గుండ్రటి కన్నాలే. నాలుగోదాంట్లో చీలికలు. ఆ చెట్టు కాలవ పక్కనుంది, ఇంకో నెల ఆగి చూద్దామనుకున్నాం.

వీడియోలో ఆ కన్నాలు మూడో నిమిషం దగ్గర వస్తాయి. 480 పెట్టుకుంటే చాలు. ఫోన్ మాత్రం అడ్డంగా తిప్పండి.